మా తాతయ్య పాడిన డ్యూయెట్

నా చిన్నప్పుడు కంకిపాడులో పాట వినబడని పూట ఉండేది కాదు. బందరు రోడ్డు మీద కాఫీ హోటల్లో రేడియో మోగుతూనే ఉండేది. సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు మైకులో వేసే పాటలు పొలాల దాకా వినబడేవి. పెళ్ళయినా, ఓణీల ఫంక్షనయినా స్తంభానికి లౌడ్ స్పీకరు కట్టాల్సిందే. ఇష్టం ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ అందరూ ఒకే పాట వినేవాళ్ళం. ఎనభైల్లో ఒక పాట హిట్టయిందంటే దానికి అర్థం అదే. దాన్నుంచి తప్పించుకునే చోటు ఊళ్ళో ఎక్కడా దొరికేది కాదు.

ఇప్పుడు మా అమ్మాయి కారెక్కిస్తే నా కోసమని ఆ కాలం పాటలే పెడుతుంది. మొన్న గన్నవరం వైపు వెళ్తూ, "వీటిలో నీకు బాగా ఇష్టమైన పాటేదమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు ఉంది. కానీ దాని వెనకాల ఒక వేసవీ, ఒక మనిషీ ఉన్నారు. ఆ పాట ఏదో ఇక్కడ చెప్పను. చెబితే మీరు దాన్నే కూనిరాగం తీస్తూ నా మాట వినడం మానేస్తారు. అదొక డ్యూయెట్ అని మాత్రం తెలిస్తే చాలు. హీరోయిన్ అడుగుతూ ఉంటుంది, హీరో జవాబు చెబుతూ ఉంటాడు. అడిగిన మాటకీ జవాబుకీ మధ్య డ్రమ్ములు దడదడలాడతాయి.

మా తాతయ్యకి ఆ పాటంటే ఒళ్ళు మంట. ఆయనకి పద్యాలు కావాలి. సాయంత్రం పూట వీధి అరుగు మీద కూర్చుని రాగం తీసి పద్యం చదివితే దారిన పోయేవాళ్ళు సైకిలు దిగి నిలబడేవాళ్ళు. మాటకారి. ఊళ్ళో గట్ల తగాదాలూ, అన్నదమ్ముల అలకలూ ఆయన దగ్గరికే వచ్చేవి. ఇద్దరి మాటా విని, గొంతు పెంచకుండా నాలుగు మాటలు చెప్పి పంపేవారు. వచ్చేటప్పుడు ఎడమొహం పెడమొహంగా వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు కలిసి వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను.

అలాంటి మనిషి రోజూ మధ్యాహ్నం సినిమా పాటలు వినాల్సి రావడానికి కారణం పక్కింటి అక్క. అక్కది గుణదల. పెళ్ళయి మా పక్కింటికి కాపురానికి వచ్చింది. పుట్టింట్లో ఉన్నప్పుడు చర్చి పాటల బృందంలో పాడేదట. గొంతు చాలా బాగుండేది. సినిమా పాటలంటే ప్రాణం. అయితే వాళ్ళ అత్తగారు ఇంట్లో భక్తి పాటలు తప్ప వేరేవి పెట్టనిచ్చేవారు కాదు. అందుకని రేడియోలో కోరిన పాటలు వచ్చే వేళకి అక్క చేటలో బియ్యమో, కూరగాయలో పట్టుకుని మా వసారాలోకి వచ్చేది. చేతులు పని చేసేవి, చెవులు పాట వినేవి. వాలు కుర్చీలో పడుకుని ఉన్న తాతయ్య, "ఇదేం పాటమ్మా, డప్పులు కొట్టుకుంటూ పోట్లాడుకుంటున్నట్టు" అని గొణిగేవారు. "అయిపోవచ్చిందండీ బాబాయిగారూ" అని నవ్వేది అక్క. ఒక పాట అయిపోతే ఇంకో పాట వచ్చేది. ఆయన గొణిగేవారు గానీ రేడియో కట్టెయ్యమని ఒక్కనాడూ అనలేదు. పరాయింటి పిల్ల సంతోషం ఆ కాసేపే అని ఆయనకి తెలుసనుకుంటాను.

ఆ వేసవిలోనే తాతయ్యకి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దొడ్లో పడిపోయారు. నాన్న, ఇంకొందరు కలిసి బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంటికి తెచ్చేసరికి ఆయన కుడి చెయ్యీ, కుడి కాలూ సరిగా లేవు. వాటికంటే పెద్ద దెబ్బ మాట పోవడం. నోరు తెరిస్తే "అదీ... అదీ..." అన్న ఒక్క మాటే వచ్చేది. మంచినీళ్ళు కావాలన్నా అదే, దుప్పటి తియ్యమన్నా అదే. తల ఊపడం కూడా ఆయన అనుకున్నట్టు జరిగేది కాదు. కాదనాల్సిన చోట అవునన్నట్టు ఊగేది. మేం నీళ్ళు ఇచ్చేవాళ్ళం. అది కాదు. విసనకర్ర ఇచ్చేవాళ్ళం. అదీ కాదు. చివరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మాటల మనిషి కదా. మాట పోయాక ఇంకేం మిగల్లేదని ఆయనే అనుకున్నారో ఏమో, గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్తే పెదవులు బిగించేవారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచం పక్కనే కూర్చుని ఆయన గురించి ఆయన లేనట్టే మాట్లాడేవాళ్ళు. "పాపం, ఏమీ తెలియట్లేదు కదూ?" అని నాయనమ్మని అడిగేవాళ్ళు. నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకునేది. ఇంట్లో రేడియో ఆపేశారు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో పాటలేమిటని. అక్క మాత్రం రావడం మానలేదు. అదే వేళకి సపోటాలో, కాచి చల్లార్చిన పాలో తెచ్చి, కాసేపు మంచం పక్కన కూర్చుని వెళ్ళేది.

ఒకరోజు వెనక వీధిలో ఎవరింట్లోనో ఓణీల ఫంక్షను. మైకులో ఆ డ్యూయెట్ వేశారు. నేనూ అక్కా మంచం దగ్గరే ఉన్నాం. నాయనమ్మ లోపల వంటింట్లో ఉంది. హీరోయిన్ అడిగింది. డ్రమ్ములు మోగాయి. హీరో గొంతుతో పాటు ఇంకో గొంతు, బొంగురుగా, గోడ వైపు నుంచి వినబడింది. తాతయ్య పాడుతున్నారు. "అదీ" కాదు. పాటలో ఉన్న మాటలు ఉన్నట్టుగా, వరసగా.

నేను ఒక్క ఉదుటున వంటింట్లోకి పరిగెత్తి నాయనమ్మని లాక్కొచ్చాను. నాయనమ్మ మంచం మీదికి వంగి, "ఏవండీ, మాట వచ్చిందా? మళ్ళీ అనండి! నన్ను పిలవండి!" అని బతిమాలింది. తాతయ్య నోరు తెరిచారు. "అదీ... అదీ..." అంతే. ఆయన ముఖం చిన్నబోయింది, కళ్ళు మూసుకున్నారు. సాయంత్రం పొలం నుంచి వచ్చిన నాన్న ఇదంతా విని నా తల నిమిరి, "మైకు గోలలో నీకలా అనిపించి ఉంటుందిలే అమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

అక్క నన్ను వాళ్ళింటి మెట్ల మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. గుణదలలో వాళ్ళ పాటల బృందంలో ఒకాయన ఉండేవాడట. మామూలుగా మాట్లాడితే మాటమాటకీ నత్తి అడ్డుపడేదట. పాట ఎత్తుకుంటే మాత్రం నీళ్ళలా సాగిపోయేవాడట.

"మీ తాతయ్యదీ అలాంటిదేనేమో, నాకూ తెలీదు పాపాయ్" అంది. "కానీ చూద్దాం. చెప్పు చెప్పు అని అడిగితే ఆయనకి ఉన్నది కూడా పోతోంది. మనం అడగొద్దు. పాడదాం. పాడి ఆగుదాం."

మర్నాడు మధ్యాహ్నం అక్క మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో చేటలో చిక్కుడుకాయలు ఉన్నాయి. వాటి ఈనెలు తీస్తూ, తాతయ్య వైపు చూడకుండా, తన పనిలో తానున్నట్టే ఆ పాట ఎత్తుకుంది. హీరోయిన్ అడిగే మాట పాడింది. డ్రమ్ముల చోట వేళ్ళతో చేట మీద కొట్టింది. జవాబు రావాల్సిన చోట ఆగిపోయింది.

తాతయ్య గోడ వైపే ఉన్నారు. ఏమీ వినబడలేదు. బయట ఏదో లారీ వెళ్ళింది. నాకు ఆగబుద్ధి కాలేదు. ఆ జవాబు నాకు వచ్చు, నాలుక చివర ఉంది. నోరు తెరవబోతే అక్క నా చేతి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కింది. ఆమె ముఖంలో తొందర లేదు. ఆయన జవాబిస్తారని నమ్మకంగా ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. అంతసేపు ఎవరూ ఏమీ అనకుండా కూర్చోవడం నేను అంతకుముందు ఎరగను. అప్పుడు తాతయ్య ఇటు తిరిగారు. పెదవులు కదిలాయి. మొదట గాలే వచ్చింది. తర్వాత రాగం, ఆ రాగం వెంట మాటలు. హీరో చెప్పాల్సిన జవాబు మొత్తం పాడేశారు.

అక్క ఆశ్చర్యపోయినట్టు కనబడలేదు. తలూపి రెండో చరణం ఎత్తుకుంది.

నాలుగైదు రోజులు అలా ఆ పాటే పాడారు. ఆ తర్వాత అక్క ఒక తమాషా చేసింది. హీరోయిన్ అడిగే బాణీలోనే మాటలు మార్చి, "అన్నంలోకి ఏం కావాలండీ బాబాయిగారూ" అని పాడింది. పాడి ఆగింది. తాతయ్య నుదురు ముడిపడింది. మేం చూస్తూ కూర్చున్నాం. హీరో జవాబు బాణీలో, కాస్త తడబడుతూ, "గోంగూర... గోంగూర పచ్చడీ" అని వచ్చింది.

గుమ్మంలో నిలబడి ఉన్న నాయనమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఈ వయసులో ఇదేం పాటండీ!" అని సిగ్గుపడింది, మరుక్షణం ఏడ్చింది, ఆ వెంటనే నవ్వింది. ఆ రోజు తాతయ్య కడుపు నిండా అన్నం తిన్నారు. ఎన్ని పద్యాలు చదివిన మనిషి! ఆయనకి ఆసరాగా దొరికింది మాత్రం ఆయన గొణుక్కుంటూ విన్న ఆ డప్పుల పాటే. ఎందుకని నన్నడిగితే చెప్పలేను. పద్యాలు కూడా ప్రయత్నించింది అక్క. అవి మధ్యలో తెగిపోయేవి. ఈ పాట తెగేది కాదు. రోజూ వద్దనుకుంటూ వినీ వినీ లోపలెక్కడో గట్టిగా నాటుకుపోయిందేమో.

అయితే చిక్కొకటి ఉంది. తాతయ్య మా ముందే పాడేవారు. నాయనమ్మ వంటింట్లో ఉండి వింటే పట్టించుకునేవారు కాదు. నాన్న అడుగుల చప్పుడు వినబడగానే ఆగిపోయేవారు. దాంతో నాయనమ్మ ఎంత చెప్పినా నాన్న నమ్మలేదు. ఊరికి మధ్యవర్తిత్వం చేసిన మనిషి కొడుకు ముందు సినిమా డ్యూయెట్‌లో మంచినీళ్ళు అడగాలంటే ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అప్పుడు కోపం వచ్చేది. అక్క మాత్రం, "ఆయన ఇష్టం పాపాయ్. తోసుకెళ్ళకూడదు" అనేది. గోడ అవతల నుంచి ఇదంతా వింటున్న వాళ్ళ అత్తగారు కూడా ఒకరోజు నన్ను పిలిచి, "మీ తాతయ్య ఇవాళ పాడాడా?" అని అడిగారు. పాడారని చెబితే, "ప్రభువు మేలు చేశాడు" అని చేతిలో ఒక అరిసె పెట్టారు. ఆమె ఆ తర్వాత కోడలు మా ఇంటికి ఎంతసేపు వచ్చినా ఏమీ అనలేదు.

వేసవి అయిపోవచ్చింది. మా చిన్నత్త, అంటే తాతయ్య ఆఖరి కూతురు, బెజవాడలో డిగ్రీ చదువుతోంది. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. కాలేజీ తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. అమ్మకి పాడి పనితోనే సరిపోయేది. తాతయ్యని లేపి కూర్చోబెట్టడానికి, స్నానం చేయించడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. నాన్న పీకల దాకా దిగులుతో ఉన్నారు. చివరికి చిన్నత్తని చదువు మాన్పిద్దామన్నారు. ఈ మాట ఖాయం చెయ్యడానికి గన్నవరం నుంచి నాయనమ్మ అన్నగారిని పిలిపించారు.

వసారాలో తాతయ్య మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చిన్నత్త స్తంభానికి ఆనుకుని నిలబడి కాలి బొటనవేలు వైపు చూస్తోంది. తండ్రి కోసం మానెయ్యమంటే ఏమని కాదంటుంది?

"ఆడపిల్ల, ఎలాగూ ఈ ఏడో పై ఏడో పెళ్ళి చేస్తారు" అన్నారు గన్నవరం పెద్దాయన. "ఇంటి పట్టున ఉంటే బావకి సేవ చేసినట్టూ ఉంటుంది."

మంచం మీద తాతయ్య కదిలారు. ఎడమ చెయ్యి లేపి, "అదీ... అదీ..." అన్నారు. తల అవునన్నట్టే ఊగుతోంది.

"చూశారా, బావ కూడా అదే అంటున్నాడు" అన్నారు పెద్దాయన.

తాతయ్య ఎడమ చేత్తో మంచం పట్టీ మీద కొట్టారు. "అదీ! అదీ!"

"కంగారు పడుతున్నాడు. మంచినీళ్ళివ్వండి" అన్నారు ఎవరో. నాయనమ్మ గ్లాసు తెచ్చింది. తాతయ్య గ్లాసు తోసేశారు. నీళ్ళు నేల మీద పడ్డాయి. నాన్న తల పట్టుకున్నారు.

నేను తాతయ్య కళ్ళ వైపు చూశాను. నీళ్ళు కాదు ఆయనకి కావాల్సింది. అక్క ఉంటే బాగుండేదనిపించింది. కానీ అది ఇంటి వ్యవహారం, ఆమె రాలేదు. నాకు భయంగానే ఉంది. పెద్దవాళ్ళ మధ్య నోరెత్తితే నాన్న ఊరుకోరు. అయినా మంచం దగ్గరికి వెళ్ళి నిలబడి, డ్యూయెట్ బాణీలో, "చిన్నత్త కాలేజీకి వెళ్ళాలా తాతయ్యా" అని పాడాను. డ్రమ్ముల చోట మంచం పట్టీ మీద వేళ్ళతో కొట్టాను.

"ఏంటే ఇది! ఆటలా ఉందా?" అన్నారు నాన్న.

"వద్దనేగా ఆయన అంటున్నది..." అని పెద్దాయన అందుకోబోయారు. నేను ఆయన వైపు అరచెయ్యి చూపించి ఆగమన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చిన్నపిల్ల అలా చెయ్యి చూపించేసరికి ఆయన నిజంగానే ఆగిపోయారు.

అందరూ చూస్తున్నారు. తాతయ్య కొడుకు వైపు చూశారు. గన్నవరం పెద్దాయన వైపు చూశారు. ఆయన మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనబడింది. నాకు రెండో మాట పాడాలనిపించింది, ఆపుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ బొంగురు గొంతుతో, హీరో బాణీలో, అందరి ముందూ పాడారు.

"వెళ్ళాలీ... వెళ్ళాలీ... దాన్ని వెళ్ళనివ్వండీ..."

చిన్నత్త స్తంభం దగ్గరే కూలబడి ముఖం మోకాళ్ళలో పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. సినిమా పాటలో ఒక ముసలాయన కూతురి చదువు గురించి చెబుతుంటే నవ్వు రావాల్సిందే. రాలేదు. గన్నవరం పెద్దాయన కుర్చీ లోంచి లేచి మంచం మీద కూర్చుని తాతయ్య చెయ్యి పట్టుకున్నారు.

"ఇక్కడే ఉన్నావా బావా" అన్నారు. "మా మాటలన్నీ వింటూ ఇక్కడే ఉన్నావా."

నాన్న గొంతు సవరించుకున్నారు. మా నాన్నకి పాడటం రాదు. ఆయన పాడగా నేను అదొక్కసారే విన్నాను. శ్రుతీ లయా లేకుండా, నేల చూపులు చూస్తూ, "మరి నిన్నెవరు చూసుకుంటారు నాన్నా" అని ఆ బాణీకి దగ్గరగా ఏదో పాడారు. పాడి, ఎవరూ చెప్పకుండానే, ఆగారు.

"మీరంతా లేరా" అని పాడారు తాతయ్య. ఈసారి అంత ఆలస్యం కాలేదు.

చిన్నత్త కాలేజీకి వెళ్ళింది. పొలానికి వెళ్ళే వేళ మార్చుకుని పొద్దున పూట నాన్నే తాతయ్యకి స్నానం చేయించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నాలు అక్క వచ్చేది. మా వసారాలో రేడియో మళ్ళీ మోగింది. తాతయ్యకి మాట పూర్తిగా తిరిగి రాలేదు. పాటలోంచి ఒక్కో మాటా విడివడి మామూలు మాటయింది, అంతే. నాయనమ్మని పేరు పెట్టి పిలవగలిగారు. నన్ను "పాపా" అనగలిగారు. పెద్ద మాట చెప్పాల్సి వస్తే మాత్రం మొహమాటం లేకుండా పాట ఎత్తుకునేవారు. ఊళ్ళోవాళ్ళు దానికీ అలవాటు పడ్డారు. గట్టు తగాదా తెచ్చినవాళ్ళు మంచం పక్కన కూర్చుని, ఆయన డ్యూయెట్ బాణీలో తీర్పు చెప్పేదాకా ఓపిగ్గా ఎదురుచూడటం నేను కళ్ళారా చూశాను. ఆయన ఆ తర్వాత కొన్నేళ్ళు బతికారు. ఈలోగా అక్క భర్తకి బదిలీ అయి వాళ్ళు ఊరు విడిచి వెళ్ళారు. వెళ్ళే ముందు అక్క తాతయ్య కాళ్ళకి దండం పెడితే, ఆయన ఏ రాగమూ లేకుండా, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ, "సుఖంగా... ఉండమ్మా" అన్నారు. ఆ రెండు మాటలు చెప్పడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో అంతసేపూ ఆమె అలాగే వంగి ఉంది.

నేను పెద్దయ్యాక విజయవాడలో ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో ఉద్యోగం చేశాను. ఉయ్యూరు వైపు నుంచి, గుడివాడ వైపు నుంచి వయసు మళ్ళినవాళ్ళు వచ్చేవారు. ఏమిటి బాధ అని అడిగితే చాలామంది తడుముకునేవారు. భయం వల్ల కొందరికి, జబ్బు వల్ల కొందరికి మాట అందేది కాదు. పక్కనున్న కొడుకో కోడలో గబుక్కున చెప్పేసేవాళ్ళు. వెనకాల లైన్లో వాళ్ళు విసుక్కునేవాళ్ళు. నాతోపాటు పనిచేసేవాళ్ళు, "అంత నెమ్మదయితే ఎలా మేడమ్?" అని నన్ను మెల్లగా మందలించేవారు. వాళ్ళ మాట నిజమే. అయినా వాళ్ళని తొందరపెట్టడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు ఉద్యోగం లేదు, ఆ అలవాటు మాత్రం పోలేదు. కూరలమ్మే ముసలమ్మ లెక్క కోసం ఆలోచిస్తున్నా, మా ఎదురింటి చిన్నవాడు కొత్తగా నేర్చుకున్న మాట కోసం పెదవులు సున్నాలా చుట్టి నిలబడినా, ఆ మాట నాకు తెలిసినా సరే, అందించను. చేతిలో పని పక్కన పెట్టి, వాళ్ళ ముఖం వైపు చూస్తూ కూర్చుంటాను.